మార్కరు ఒక్కటే కాల్చాలి

తీరాంధ్ర పెయింట్‌బాల్ క్రీడా సమాఖ్య
అరండల్‌పేట, గుంటూరు
4 ఆగస్టు 2006

శ్రీ భారతీ రిక్రియేషన్ క్లబ్బు, పర్చూరు వారికి,
విషయం: మార్కర్లు – వేగ నియంత్రణ.

అయ్యా,

క్రీడాభివందనాలు. మీ క్లబ్బు వెనక స్థలంలో రంగు గోళీల ఆటకు మైదానం సిద్ధమవుతోందని, డిసెంబరులో మా సమాఖ్య పోటీలు అక్కడ జరపడానికి మీ అధ్యక్షులు అంకమ్మరావు గారు ఒప్పుకున్నారని తెలిసి సంతోషించాం. ఈ మధ్య కొన్ని ఊళ్ళలో మార్కర్లు అదుపు తప్పుతున్నట్టు ఫిర్యాదులు వస్తున్నాయి. కాబట్టి ఈ కింది నిబంధనలు పాటించాలి.

ఒక నొక్కుకు మార్కరు ఒక్కటే కాల్చాలి. ఒక నొక్కుకు రెండు, మూడు కాల్చే మార్కర్లకు ప్రవేశం లేదు. మొదట బుద్ధిగా ఒక్కొక్కటే కాల్చి, ఎవరూ గమనించకుండా వేగం పెంచే మార్కర్లు మరీ ప్రమాదకరం. ఎంత మంచి మార్కరైనా సెకనుకు పదిహేను మించి కాల్చరాదు. దోషిగా తేలిన మార్కరును వెంటనే తొలగించాలి.

మీ క్లబ్బులో ఎన్ని మార్కర్లు ఉన్నాయో, ఏ కాలానివో తెలియజేయగలరు. పోలీసువారి సలహా ప్రకారం ఆయుధాలను గుర్తుచేసే మాటలేవీ మన ఉత్తర ప్రత్యుత్తరాల్లో ఉండకూడదని మనవి.

ఇట్లు,
లక్ష్మీకాంత్, గౌరవ కార్యదర్శి
(విశ్రాంత తెలుగు ఉపన్యాసకుడు)

తా.క. ఈ ఆట నిబంధనలు తెలుగులో రాయడం ఇదే మొదలు. అనువాదం నాదే. అర్థం కాని చోట అడగండి. అలాంటి చోటు ఉండదనుకుంటాను.


పర్చూరు
11 ఆగస్టు 2006

గౌరవనీయులైన లక్ష్మీకాంత్ గారికి,

ప్రభువు పేరట మీకూ మీ ఇంటివారికీ శుభాలు. నా పేరు క్రీస్తుదాసు. ఈ క్లబ్బులో మార్కర్ని. మీ కాగితంలో మార్కర్ల సంగతి ఉందని మా గుమస్తా పీరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "దాసన్నా, నీ పేరు గుంటూరు దాకా పోయిందే" అన్నాడు. నిజంగానే మంచి కబురనుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను.

అయ్యా, 1975లో చీరాల పొగాకు కంపెనీవాళ్ళు వాళ్ళ బిలియర్డ్స్ బల్లను వేలం వేస్తే మా క్లబ్బు పాడుకుంది. బల్లతో పాటే నేనూ వచ్చాను. ఎవరి బంతి దేనికి తగిలింది, ఎవరికెన్ని పాయింట్లు వచ్చాయి, పైకి చెప్పి బోర్డు మీద వేయడం నా పని. వీపు తిప్పి నిలబడినా బంతుల చప్పుడు విని లెక్క చెబుతాను. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ క్లబ్బులో మార్కరు ఒక్కటే, ఇదే. మీ భాషలోనే రాశాను, ఎందుకంటే మీరు "ఎందరు మార్కర్లు" అని అడగలేదు, "ఎన్ని మార్కర్లు" అన్నారు. మా ఊళ్ళో గేదెల్ని ఎన్ని అంటాం, మనుషుల్ని ఎందరంటాం. తెలుగు చెప్పినవారు, మీకు నేను చెప్పాలా?

ఇక కాల్చడం గురించి. చుట్టూ పొగాకు పండే ఊళ్ళో ఉండి కూడా 1991లో బీడీ మానేశాను. ఇమ్మానియేలు పాస్టరు గారు సాక్షి. ఒక నొక్కుకు ఒకటి అన్నారు, నేను లైటరు నొక్కేవాణ్ణి కాదు, అగ్గిపుల్ల గీసేవాణ్ణి. సెకనుకు పదిహేను కాల్చే మార్కరు మీ గుంటూరులో ఎవడున్నాడో చూపిస్తే వచ్చి దండం పెట్టిపోతాను. బుద్ధిగా మొదలుపెట్టి ఎవరూ చూడకుండా పెంచడమన్నది మాత్రం చదివి సిగ్గుపడ్డాను. 1988లో పేకాట గది వెనక అదే చేశాను. మీకెవరు చెప్పారో గానీ అది పాత సంగతి.

నాకింకా రెండేళ్ళ సర్వీసుంది. క్లబ్బు వెనక గదిలోనే నేనూ మా ఆవిడ రెబ్కా కాపురం ఉంటున్నాం. ఉద్యోగం పోయిన రోజు గదీ పోతుంది. తొలగించాలి అనే మాట మీరు రెండు వేళ్ళతో రాసేశారు గానీ, మేము చదివి ఇద్దరం అన్నం సరిగా తినలేదు.

ఇట్లు,
విధేయుడు, మార్కరు క్రీస్తుదాసు

తా.క. రెబ్కా అడగమంది: అసలు కాల్చని మార్కరునైతే ఉంచుకుంటారు కదా?


అరండల్‌పేట, గుంటూరు
19 ఆగస్టు 2006

మార్కర్ల బాధ్యులు క్రీస్తుదాసు గారికి,

నమస్కారం. మీ ఉత్తరంలో హాస్యం పాలు ఎక్కువైనా అసలు విషయం అర్థమై ఆందోళన పడ్డాను. మీ క్లబ్బులో ఉన్నది 1975లో వేలంలో వచ్చిన మార్కరు ఒక్కటేనని రాశారు. అయ్యా, అప్పటికి ఈ ఆటే పుట్టలేదు. ఆ రోజుల్లో అమెరికాలో పశువులకూ చెట్లకూ రంగు గుర్తులు వేయడానికి మార్కర్లను వాడేవారు. మీదీ ఆ జాతిదే అయ్యుంటుంది.

అంత పాత మార్కరుకు లోపలి భాగాలన్నీ అరిగిపోయి ఉంటాయి. గాలి నిలవదు, వణుకు ఉంటుంది, ఎప్పుడు పేలుతుందో తెలియదు. దయచేసి దాన్ని తుక్కు కింద వేసేయండి. వేసేదాకా జాగ్రత్త అవసరం. ప్రతి ఆటకు ముందూ మార్కరును పూర్తిగా విప్పి, తుడిచి, నూనె రాయాలి. ఆట లేనప్పుడు మూతికి గుడ్డ తొడిగి ఉంచాలి. ఈ చివరిది మరిచిపోతే క్లబ్బు మీద చర్య తీసుకోవలసి వస్తుంది.

అధ్యక్షుల అబ్బాయి చైతన్యకృష్ణ బెంగుళూరు నుంచి సరికొత్త ఎలక్ట్రానిక్ మార్కరు తెప్పించుకున్నాడని విన్నాను. అలాంటిది చేతిలో ఉండగా మీ పాతదాని మీద మమకారం దేనికి?

ఇక ఎన్ని, ఎందరు అన్న విషయం. మార్కరు శబ్దం అమహద్వాచకం. ముప్ఫై ఏళ్ళు వ్యాకరణం చెప్పాను. ఇందులో చర్చకు తావు లేదు.

ఇట్లు,
లక్ష్మీకాంత్

తా.క. కాల్చని మార్కరును ఉంచుకుని ఏం చేస్తారు? అదీ తుక్కే.


పర్చూరు
28 ఆగస్టు 2006

లక్ష్మీకాంత్ గారికి,

వందనాలు. పెట్టే మనసు లేదు, అలవాటు కొద్దీ పెడుతున్నాను.

నేను మహత్తుని కానని నాకు ముప్ఫై ఏళ్ళ క్రితమే తెలుసు. దానికి వ్యాకరణం అక్కర్లేదు. క్లబ్బులో నా గ్లాసు వేరే మేకుకి ఉంటుంది. పశువులకు గుర్తులు వేసే జాతి అని కూడా అన్నారు. మా నాన్న పొలం పనికి పోయాడు గానీ పశువుల పని చేయలేదు. చేసినా తప్పు లేదు. ఆ జాతి అనే మాట మాత్రం చదువుకున్నవారు రాయకూడదు.

నాకు ఆయాసం ఉన్న మాట నిజం. చెయ్యి వణుకుతుందన్నదీ నిజం. యాభై ఎనిమిదేళ్ళకు ఎవరికి వణకదు? అంతమాత్రాన పోటీకి ముందు నన్ను అందరిముందూ విప్పి తుడవాలా? ఒంగోలు జట్టులో ఆడపిల్లలున్నారట. నూనె అంటారా, నాకు ఎవరైనా నూనె రాసింది పెళ్ళికి ముందురోజు నలుగు పెట్టినప్పుడు ఒక్కసారే.

మూతికి గుడ్డ తొడగమన్నారు చూడండి, దానికి మాత్రం మీకు చర్య తీసుకునే పని లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తొడుక్కునే ఉన్నాను. అంకమ్మరావు గారికి జిన్నింగు మిల్లు ఉంది, పురుగుమందుల ఏజెన్సీ ఉంది. ఆయన కర్ర బంతికి రెండుసార్లు తగిలితే నేను ఒకసారే తగిలిందని చెప్పాలి. ఆయనకు పద్నాలుగు వస్తే, "పద్నాలుగేనా?" అని నా వంక చూస్తారు. పద్దెనిమిది అంటాను. అవతలి ఆటగాడు నా మొహం చూస్తాడు, నేను గోడ చూస్తాను. ఆ గుడ్డ మీ సమాఖ్య పుట్టకముందు నుంచీ ఉంది.

మీ ఉత్తరం పట్టుకుని అధ్యక్షుల దగ్గరికి వెళ్ళాను. చదివి కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"ఏరా దాసూ, గుంటూరోళ్ళు కూడా నిన్ను తుక్కులో వెయ్యమంటున్నారుగా!"

"అయ్యా, ఇది నా గురించేనంటారా?"

"క్లబ్బులో మార్కరంటే ఇంకెవడున్నాడ్రా?" అని మళ్ళీ నవ్వారు. "సరేలే, పోటీలయ్యేదాకా ఉండు. ఆ తర్వాత సమాఖ్యోళ్ళు ఏమంటే అది చేద్దాం. ఆ కాగితం మాత్రం నాకివ్వు, బావుంది."

కొత్త ఎలక్ట్రానిక్ మార్కరు వచ్చిందని మీరే రాశారు. అది లెక్క చెబుతుందేమో. కర్రలు తుడుస్తుందా? తాగి పడిపోయిన సభ్యుణ్ణి రిక్షా ఎక్కించి, ఇంటి దగ్గర వాళ్ళావిడతో తిట్లు తిని వస్తుందా?

ఇట్లు,
క్రీస్తుదాసు

తా.క. తుక్కు కింద వేయమన్నారు గదా, పాత సామాన్ల గౌస్ బాషాని అడిగాను. కాటా మీద నిలబెట్టి చూసి, "ఇనుమేం లేదు దాసన్నా నీలో, తీసుకోను" అన్నాడు. మీ గుంటూరులో ఎవరైనా తీసుకుంటే చిరునామా పంపండి.


అరండల్‌పేట, గుంటూరు
5 సెప్టెంబరు 2006

మాన్యులు క్రీస్తుదాసు గారికి,

చేతులు జోడించి నమస్కారం. ఇది సమాఖ్య ఉత్తరం కాదు, నా సొంత ఉత్తరం. చదివిన వెంటనే చింపేయండి.

మీ ఉత్తరం మా ఆవిడ కోటిరత్నం చదివింది. "ఏవండీ, క్లబ్బుల్లో లెక్క చెప్పే మనిషిని మార్కరంటారు. మా నాన్న వెళ్ళే క్లబ్బులో ఒకాయన ఉండేవాడు. మీరొక మనిషిని విప్పి నూనె రాసి తుక్కులో వెయ్యమని రాశారు" అంది. నేను ఏ క్లబ్బు గడపా తొక్కినవాణ్ణి కాదు. రెండు రోజులుగా ఇంట్లో నాకు కాఫీ లేదు.

అయ్యా, మా ఆటలో మార్కరంటే తుపాకీ. రంగు గోళీలు కొట్టే తుపాకీ. ఆ మాట మేము రాయకూడదు. పోయినేడు నరసరావుపేట మిత్రుడొకాయన "పన్నెండు తుపాకులు అందాయి, ఇంకో పన్నెండు పంపు" అని నాకు టెలిగ్రాం ఇచ్చాడు. అది నాకంటే ముందు పోలీసులకు అందింది. అడవుల్లో అన్నలకు నేనే సరఫరా చేస్తున్నానని రెండు రోజులు స్టేషన్ బల్ల మీద కూర్చోబెట్టారు. అప్పటినుంచి సమాఖ్య కాగితాల మీద ఆ మాట ఉండకూడదని తీర్మానం చేసుకున్నాం.

నిబంధన సంగతి చెబుతాను. మీట ఒకసారి నొక్కితే ఒక గోళీ రావాలి. ఇప్పుడొచ్చే ఎలక్ట్రానిక్ వాటిలో చిన్న సర్క్యూటు బోర్డు ఉంటుంది. దాన్ని మార్చుకుంటే ఒక్క నొక్కుకు మూడు వస్తాయి, లేదా పట్టుకున్నంతసేపూ ధారగా వస్తాయి. వీటిని ఎవరైనా పట్టుకోగలరు. మూడోది దొంగ పద్ధతి. మొదటి రెండు మూడు నొక్కులకు బుద్ధిగా ఒక్కొక్కటే వస్తుంది. ఆట వేడెక్కాక ఆటగాడు రెండు నొక్కితే అది ఆరు కొడుతుంది. పరీక్షకు తెచ్చినప్పుడు ఏమీ ఎరగనట్టు ఉంటుంది. ఆ వేగంలో కంటికి ఆనదు, చెవితోనే పట్టుకోవాలి. అలాంటి చెవి మాకెవరికీ లేదు.

మీకుంది. వీపు తిప్పి కూడా లెక్క చెబుతానని రాశారు. డిసెంబరు పోటీల్లో లెక్క అంపైరుగా మీరే నిలబడాలి. మీ క్లబ్బుకు వేరే ఉత్తరం రాస్తున్నాను. మీరు చెప్పిందే ఆఖరి లెక్క.

ఇట్లు,
మీ క్షమాపణ కోరుతూ,
లక్ష్మీకాంత్

తా.క. మీరు మహద్వాచకమే. ఈ వాక్యాన్ని కోటిరత్నం దగ్గర కూర్చుని రాయించింది.


పర్చూరు
20 నవంబరు 2006

మాన్యులు లక్ష్మీకాంత్ గారికి,

ప్రభువు పేరట మీకూ కోటిరత్నమ్మగారికీ వందనాలు, ఈసారి మనస్ఫూర్తిగా. ఆ తల్లికి కాఫీ పెట్టమని నా తరఫున చెప్పండి. మీ ఉత్తరం రెబ్కాకి రెండుసార్లు చదివి వినిపించి, మీరు చెప్పినట్టే చింపేశాను.

సాధన చేస్తున్నాను. రెబ్కా కుట్టుమిషను తొక్కుతుంటే కళ్ళు మూసుకుని ఒక్కో తొక్కుకు ఎన్ని కుట్లో చెబుతున్నాను, ఆవిడ గుడ్డ తీసి లెక్క చూస్తోంది. ఇప్పటిదాకా ఒక్కటీ పోలేదు. మీ నిబంధన ప్రకారం ఆ మిషనును తొలగించాల్సి ఉంటుంది, మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుతోంది.

మైదానం బాగానే వచ్చింది. దాక్కోవడానికి మిర్చి యార్డు నుంచి పాత టిక్కీలు, అదే మిరపకాయల గోతాలు తెప్పించి, పొట్టు కూరి గోడల్లా పేర్చారు. దులపకుండా పేర్చారు. నిన్న కుర్రాళ్ళు వాటి వెనక దాక్కుని ఒకటే తుమ్ములు. ఎవడెక్కడున్నాడో ఊరంతటికీ తెలిసిపోయింది.

అధ్యక్షులకు మీ ఉత్తరం నచ్చినట్టు లేదు. "వీడు అంపైరేంట్రా" అని పీరుతో అన్నారట. కానీ సమాఖ్య మాట కాదనలేక ఊరుకున్నారు. నాకు తెల్లచొక్కా, ఈల ఇచ్చారు. యాభై ఎనిమిదేళ్ళలో మొదటిసారి, నేను చెప్పిన లెక్క ఎవరి మొహమూ చూడకుండా చెప్పవచ్చట. అది తలుచుకుంటే కొంచెం భయంగానే ఉంది.

ఇట్లు,
అంపైరు క్రీస్తుదాసు

తా.క. విప్పి నూనె రాయడం ఆ మార్కర్లకే కదా? రెబ్కా ఖాయం చేసుకోమంది.


పర్చూరు
18 డిసెంబరు 2006

మాన్యులు లక్ష్మీకాంత్ గారికి,

వందనాలు. టిక్కీల ఘాటుకి మీ కళ్ళు వాచిపోయి నిన్న మధ్యాహ్నమే గుంటూరు వెళ్ళిపోయారు. ఇప్పుడు నెమ్మదించాయని తలుస్తాను. మీరు వెళ్ళాక జరిగింది రాయడం అంపైరుగా నా విధి కాబట్టి రాస్తున్నాను.

ఫైనల్ మన క్లబ్బుకీ ఒంగోలుకీ పడింది. చివరికి మనవైపు చైతన్యకృష్ణ, అవతల బిందుమాధవి అనే ఇంజినీరింగు చదివే అమ్మాయి మిగిలారు. నేను అబ్బాయిగారికి నాలుగడుగుల దూరంలో ఉన్నాను. మొదటి మూడు నొక్కులకు మూడే వచ్చాయి. మూడోది ఆ అమ్మాయి భుజానికి తగిలింది. తను వెంటనే ఓడిపోయినట్టు చెయ్యి పైకెత్తి బయటికొచ్చింది. అబ్బాయిగారు ఆపలేదు. ఇంకో మూడుసార్లు నొక్కాడు. పదహారు గోళీలు వచ్చాయి. మొత్తం ఆరు నొక్కులు, పంతొమ్మిది గోళీలు. చెయ్యెత్తి నిలబడ్డ పిల్ల మీద పదహారు. మెడ మీద, చేతి మీద నల్లగా కమిలిపోయింది. రెబ్కా తీసుకెళ్ళి మంచుముక్క పెట్టింది.

నేను ఈల ఊదాను. ఆటగాణ్ణి కాదు, మార్కరును ఆపాలని చెప్పాను. షామియానా కింద నుంచి అధ్యక్షులు లేచి వచ్చారు.

"ఎంతొచ్చిందిరా లెక్క?"

"ఆరు నొక్కులకి పంతొమ్మిదండీ."

"ఆరే?" అని నా మొహం చూశారు. ఆ చూపు నాకు ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తెలుసు. పద్నాలుగు పద్దెనిమిది అయ్యేది ఆ చూపుతోనే. "ఇంకోసారి చెప్పరా దాసూ, సరిగ్గా విన్లేదేమో నువ్వు."

అయ్యా, నేను గోడ వైపు చూద్దామనుకున్నాను. మైదానంలో గోడ లేదు. ఆ పిల్ల కనిపించింది.

"ఆరుకి పంతొమ్మిదండీ" అన్నాను.

కప్పు మన క్లబ్బుకే ఇచ్చుకున్నారు. నా లెక్క కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మీరు నాదే ఆఖరి లెక్క అన్నారు. ఆ మాట నమ్మి చెప్పాను.

ఇట్లు,
క్రీస్తుదాసు

తా.క. అబ్బాయిగారి మార్కరును నిన్న సాయంత్రమే విప్పి, తుడిచి, నూనె రాశారు. ఇప్పుడు పరీక్ష చేస్తే ఒక నొక్కుకు ఒకటే వస్తుంది. దానికంటే బుద్ధిమంతురాలు ప్రపంచంలో లేదు.


అరండల్‌పేట, గుంటూరు
26 డిసెంబరు 2006

మాన్యులు క్రీస్తుదాసు గారికి,

నమస్కారాలు, పండగ శుభాకాంక్షలు. మీ ఉత్తరం చదివి నా కళ్ళు మళ్ళీ మండాయి, ఈసారి మిరపకాయ వల్ల కాదు. కోటిరత్నం అయితే "ఆయన పాదాలకు దండం పెట్టి రండి" అంది.

నేను ఊరుకోను. ఇవాళే మీ క్లబ్బుకు రిజిస్టరు పోస్టులో ఉత్తర్వు పంపాను. అందులో వాక్యం ఇది:

"డిసెంబరు 17 నాటి ఫైనల్‌లో వివాదానికి కారణమైన మార్కరును తక్షణం తొలగించి, ఏడాది పాటు మైదానం ఛాయలకు రానివ్వరాదు. ఉత్తర్వు అమలు చేసి మాకు తెలియజేయాలి."

అధికారిక పత్రం కాబట్టి ఆ మరో మాట రాయలేను, తీర్మానం ఉంది కదా. అయినా ఇప్పుడు మార్కరంటే ఏమిటో మీ ఊళ్ళో అందరికీ తెలుసు. మీరు ధైర్యంగా ఉండండి. మీ వెనక సమాఖ్య ఉంది.

ఇట్లు,
లక్ష్మీకాంత్

తా.క. పంపేముందు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. ఈసారి ఎన్ని, ఎందరు తగాదా కూడా లేకుండా రాశాను.


కొత్తపట్నం
5 ఫిబ్రవరి 2007

లక్ష్మీకాంత్ గారికి,

వందనాలు. పైన ఊరి పేరు మారింది చూశారు కదా. ఉత్తర్వు అమలు చేసి తెలియజేయాలని మీరు క్లబ్బుకు రాశారు. వాళ్ళు తెలియజేయరు కాబట్టి నేను తెలియజేస్తున్నాను. అమలైంది.

కమిటీ మీటింగు పెట్టారు. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టారు. పీరు చేత మీ వాక్యం పైకి చదివించారు. అధ్యక్షులు చాలా దిగులుగా మొహం పెట్టారు.

"మరి ఏం చేద్దామండీ? ఫైనల్లో వివాదం పెట్టిన మార్కర్ని తీసెయ్యమంటున్నారు. ముప్ఫై ఏళ్ళ మనిషి. నాకూ బాధగానే ఉంది. కానీ సమాఖ్య ఉత్తర్వు!"

"అయ్యా, మార్కరంటే తుపాకీ అని మీకు తెలుసు కదా" అన్నాను.

"తుపాకీనా!" అని ఆయన ఉలిక్కిపడ్డట్టు చుట్టూ చూశారు. "ఆ మాట మన క్లబ్బులో అనకురా దాసూ, పోలీసులొస్తారు. మార్కరంటే తుపాకీ అని సమాఖ్యోళ్ళు ఎక్కడన్నా రాశారా? రాసుంటే కాగితం చూపించు." ఆగస్టులో నా దగ్గర తీసుకున్న మీ పాత ఉత్తరం జేబులోంచి తీశారు. "ఇదిగో, అప్పుడే రాశారు, ముప్ఫై ఏళ్ళ మార్కర్ని తుక్కులో వెయ్యమని. మనమే ఆలస్యం చేశాం."

మార్కరంటే తుపాకీ అని మీరు రాసిన ఉత్తరం ఒక్కటే ఉండేది. చింపేయమన్నారు. నేను చెప్పిన మాట వినే మనిషిని, చింపేశాను.

మీ వాక్యాన్ని చాలాసార్లు చదువుకున్నాను. నన్ను ఆగస్టు ఉత్తరంలో అది, దాన్ని, పాతది అని రాసినవారు ఆ ఒక్క వాక్యంలో మాత్రం మనిషో వస్తువో తెలియకుండా రాశారు. మీకు ద్వేషం లేదని తెలుసు. కోపం మాత్రం నాకు ఉంది. అంకమ్మరావు గారి మీద కంటే మీ మీదే ఎక్కువ ఉంది, ఎందుకంటే ఆయన నన్నెప్పుడూ నమ్మించలేదు.

వారం గడువిచ్చారు. మా గదికి సున్నం వేసి అబ్బాయిగారి మార్కరూ, ఇంకో పదకొండూ అందులో మేకులకు తగిలించారు. పైన "మార్కర్ల గది" అని కొత్త బోర్డు రాయించారు. అది ముందు నుంచీ మార్కరు గదే. రెబ్కా అక్కగారి ఊరు ఇది, సముద్రం ఒడ్డు. మిషను తెచ్చుకున్నాం, ఆవిడ చేపల వల సంచులు కుడుతోంది. నేను కుట్లు లెక్కపెట్టడం లేదు.

ఒక్కటి మాత్రం రాయాలి. పోయిన వారం ఒంగోలు నుంచి ఆ బిందుమాధవి వెతుక్కుంటూ వచ్చింది. కమిలిన చోట్లు మానిపోయాయి. "అంకుల్, పంతొమ్మిది అని మీరొక్కరే చెప్పారు" అంది. అవునమ్మా, పంతొమ్మిదే అన్నాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను సరిగ్గా చెప్పిన లెక్కల్లో నాకు బాగా గుర్తుండేది అదే.

ఈ ఉత్తరానికి జవాబు రాయకండి. రాసినా ఇది చింపను.

ఇట్లు,
క్రీస్తుదాసు

తా.క. మీ సమాఖ్య కొత్త సర్క్యులరు పీరు పంపాడు. అంకమ్మరావు గారు సమాఖ్యకు గౌరవాధ్యక్షులయ్యారట, నిబంధన సడలించారట. మొదటి మూడూ ఒక్కొక్కటిగా కాలిస్తే చాలు, ఆ తర్వాత మార్కర్లు సెకనుకు పదిహేను దాకా కాల్చవచ్చట. కింద సంతకం మీదే, గుర్తుపట్టాను. అనుమతి వచ్చింది కదా అని, పదిహేనేళ్ళ తర్వాత నిన్న ఒడ్డున కూర్చుని ఒక బీడీ కాల్చాను. ఒక్కటే కాల్చాను. రెబ్కా చూసి, అగ్గిపెట్టె తీసుకెళ్ళిపోయింది.